వంగితే తగ్గే నొప్పి

"జనవరి ఒకటిన చర్చి నుంచి వచ్చి గారెలు, కోడికూర తిన్నామా, ఆ రాత్రే నీకు గుండెల్లో నొప్పి మొదలైంది. నేనేమో గారెల మీదకి నెట్టాను."

పోయిన వారం తీసిన ఎం.ఆర్‌.ఐ.లో ఏముందో డాక్టరమ్మ చెప్పగా విని, ఆలుమగలు ఆ సాయంత్రమే గుంటూరు నుంచి ఇల్లు చేరారు.

"చేలోకి పోవద్దని పోట్లాడావు కూడా."

"గుండెనొప్పి మనిషి మిరపకాయలు కోయడమేందే?"

"వంగి కోస్తుంటే తగ్గేదయ్యా. పడుకుంటేనే పొడిచేది. చెప్తే నమ్మావా?"

"పని పిచ్చి అనుకున్నా."

"డాక్టరమ్మ నమ్మింది. వంగితే తగ్గుద్దనగానే, గుండె చుట్టూ ఉండే పొర వాచుంటదని మాత్రలిచ్చి, ఆ స్కాను తీయించింది."

"ఆ గొట్టంలో నిన్ను వెల్లకిలా పడుకోబెడితే బయట నా కాళ్లు వణికినయ్యి."

"నొప్పి నాకు, వణుకు నీకా?"

"నవ్వకు. ఇంతకీ ఏం తేలిందంది? ఇంకోసారి చెప్పు."

"బస్సంతా వినేటట్టు చెప్పించుకున్నావుగా! గుండె బాగుందంట. పొర ఒక్కటే వాచిందంట. మాత్రలతో తగ్గుద్దంట. ఆపరేషన్ అక్కర్లేదంట."

"అక్కర్లేదంది కదా?"

"పోవయ్యా, నిద్రొస్తంది."

ఆమె మంచం మీద వెల్లకిలా వాలింది. ఆయన మళ్ళీ అడగబోయేసరికి గురక వినిపించింది. ఆ గురకని కాసేపు సంబరంగా విని, గడియ చప్పుడు కాకుండా తలుపు మూశాడు.