గిడ్డంగిలో నేను చూసింది

నా పేరెత్తాడు, సరే. నీ పేరెందుకయ్యా ఎత్తడం? నువ్వు పోయి నాలుగేళ్ళయింది. పార్లమెంటులో వాళ్ళకి నీతో ఏం పని?

పొద్దున సంకటి కలుపుతూ రేడియో పెట్టాను. మంత్రి గొంతు. "ఆ గిడ్డంగిని మా అధికారి కెలెబొగీలె సెరొబె స్వయంగా వెళ్ళి చూసొచ్చారు. మనం అమ్మిన ఫిరంగి గుళ్ళన్నీ అక్కడే భద్రంగా ఉన్నాయి. ఆవిడెవరనుకున్నారు? మన జనం మీద పేల్చడానికి తెల్ల ప్రభుత్వానికి ఆయుధాలమ్మొద్దని లండన్ వీధుల్లో తొమ్మిదేళ్ళు నిలబడ్డ మొదీరి సెరొబె భార్య!" అన్నాడు. చప్పట్లు కూడా కొట్టారయ్యా! కర్ర అలా చేతిలోనే ఉండిపోయింది. సంకటి మాడింది.

పక్కింటి రెఫీల్వె గోడ మీంచి ఒకటే కేకలు. "అక్కా, నీ పేరు రేడియోలో! కేకు కొనాల్సిందే!" అని. ఏం చెప్పను దానికి? నవ్వాను. కోటు తగిలించుకుని టాక్సీ ఎక్కి తిన్నగా నీ సమాధి దగ్గరికే వచ్చాను.

ఇదుగో, ముక్కుపొడి, మన పెద్దలకి పెట్టినట్టే మట్టి మీద పోస్తున్నాను. ముందిది తీసుకో. చెప్పేది విన్నాక తీసుకోవేమో.

నీ తమ్ముడు థెబె ఒంట్లోంచి తీసిన తూటాని గుడ్డలో మూటకట్టి సరిహద్దు దాటించావు కదూ? లండన్‌లో కనపడ్డ ప్రతి పెద్దమనిషినీ ఆపి, "చూడండి సార్, ఇది మీ ఊళ్ళో చేసిందేనా?" అని అడిగేవాడివట. కొందరు దణ్ణం పెట్టి తప్పుకునేవాళ్ళట. ఒకాయన మాత్రం చేతిలోకి తీసుకుని చూసి ఏడ్చాడని ఎన్నిసార్లు చెప్పావో!

తొంభై ఆరులో నాకీ ఆయుధాల అనుమతుల ఆఫీసులో ఉద్యోగమొస్తే నాకంటే నువ్వే ఎక్కువ మురిసిపోయావు. "కెలే, ఇకమీద మన దేశం తుపాకులమ్మేటప్పుడు, ఎవరి మీద పేలుస్తారని అడిగే మనిషి ఒకతి ఉంటుంది" అన్నావు. అడిగానయ్యా. ఇరవై నాలుగేళ్ళు అడిగాను. ఆఫీసులో నన్ను చూస్తే ఫైళ్ళు దాచుకునేవాళ్ళు, తెలుసా?

మరి ఆ ఒక్క రోజు ఏమైంది నాకు?

ఆ ఉత్తరాది దేశంతో గొడవ నువ్వు పోయాక మొదలైంది. మన ఒప్పందంలో ఒక వాక్యం ఉంటుంది. అమ్మిన సరుకు మీ దగ్గరే ఉందో లేదో మా మనిషొచ్చి చూస్తుంది అని. వాళ్ళు భగ్గుమన్నారు. "మమ్మల్ని దొంగలంటున్నారా? సొంత జనాన్ని చంపుకునేవాళ్ళమంటున్నారా?" అని రాయబారిని వెనక్కి పిలిపించుకున్నారు. ఎనిమిది నెలలు అమ్మకాలు ఆగాయి. ఇక్కడ ఫ్యాక్టరీలో సగం మందిని ఇంటికి పంపేశారు. చివరికి రాజీ కుదిరింది. ఒక్క మనిషి, ఒక్క రోజు, కెమెరా ఉండకూడదు. ఆ ఒక్క మనిషి నేనే.

పెట్టెలు తెరవకూడదని మాత్రం ఎక్కడా రాయలేదు. అది నువ్వు గుర్తుపెట్టుకో. అడిగే హక్కు నాకుంది.

కర్నల్ జిబ్రీన్ అని, నలభై దాటని మనిషి. విమానం దగ్గరికి తనే వచ్చాడు. "అమ్మా, దారిలో ఏమైనా తిన్నారా?" అన్నాడు. నీ తర్వాత ఆ మాట నన్నెవరడిగారు చెప్పు? గిడ్డంగిలో రేకుల కప్పు, నిప్పుల మీద నడిచినట్టుంది. వరసలు వరసలుగా చెక్కపెట్టెలు, సీళ్ళు వేసి. సగం వరస చూశానో లేదో, కళ్ళు బైర్లు కమ్మాయి. నా షుగర్ సంగతి నీకు తెలిసిందే కదా. ఆయనే రెక్క పట్టుకుని ఓ పెట్టె మీద కూర్చోబెట్టాడు. పరిగెత్తుకెళ్ళి ఖర్జూరాలు, పాలు తెచ్చాడు. "నెమ్మదిగా తాగండమ్మా, మా అమ్మకీ ఇదే జబ్బు" అంటూ టోపీతో విసిరాడయ్యా నాకు!

తాగాను. తేరుకున్నాను. లేద్దామని పెట్టె పక్కనున్న తాడు పట్టుకున్నాను.

నాతోపాటు పెట్టె లేచింది.

అర్థమైందా? గుళ్ళున్న పెట్టె ఇద్దరు మగాళ్ళు మోస్తే గానీ కదలదు. ఈ ముసలి చేతికి లేచింది! ఖాళీ అట్టపెట్టెలా లేచింది.

ఆయన చూశాడు. నేను చూశాను. "మీకెంతమంది పిల్లలమ్మా?" అన్నాడు. "ఒక్కతే కూతురు, బొనోలో" అన్నాను. "దేవుడు చల్లగా చూడాలి" అన్నాడు. కాగితం ముందు పెట్టాడు.

తెరవమని అంటే ఏమయ్యేది? కొట్టేవాడా? కొట్టడు. మహా అయితే మొహం మాడ్చుకునేవాడు. విసిరిన చేతిని అవమానించినట్టుంటుందని... అంతేనయ్యా! నోరు రాలేదు. మొహమాటం! నేనే అడిగాను, "సంతకం ఎక్కడ పెట్టాలి బాబూ?" అని.

ఐదు నెలలకి పేపర్లో ఫొటో వచ్చింది. అదే దేశంలో, ఎదురు తిరిగిన జిల్లాలో, నీళ్ళ బోరింగు దగ్గర వరసలో నిలబడ్డవాళ్ళ మీద ఆ గుళ్ళు పడ్డాయి. ముప్ఫై ఒక్క మంది పోయారు. ఒక పెద్దావిడ గుండు తోకముక్క పట్టుకుని నిలబడింది. దాని మీద నంబరు. ఆ నంబరు అనుమతి కాగితం మీద రాసింది నా చెయ్యేనయ్యా, నా ఏడు, నా నాలుగు! ఆవిడ ఏడవడం లేదు. ఎవరినో అడుగుతున్నట్టు దాన్ని ముందుకి చాపింది.

అప్పట్నుంచి బకెట్టెత్తినా, సంచీ ఎత్తినా, ఏదీ బరువుండదు నాకు. బరువుగా ఉంటే బాగుండునని ఇంకో చెంబు నీళ్ళు పోస్తాను.

దేశదేశాల వాళ్ళు మనల్ని తిడుతున్నారు. వాళ్ళ రాయబారేమో ఫొటో బూటకం అంటున్నాడు. మనవాళ్ళు నా సంతకం చూపిస్తున్నారు. బొనోలో అన్నం ముందు కూర్చుని అడిగింది, "నిజంగా చూశావామ్మా?" అని. "చూశానే" అన్నాను. కంచం తీసుకుని లేచెళ్ళిపోయింది.

గురువారం పార్లమెంటు కమిటీ ముందుకి రమ్మన్నారు. మా డిప్యూటీ డైరెక్టరు ఫోన్ చేశాడు. "ఒక్కటే ప్రశ్న మేడమ్. పెట్టెలు చూశారా? అవునంటే చాలు, ఇంటికెళ్ళిపోవచ్చు" అన్నాడు. చూశాను కదా మరి! పెట్టెలు చూడలేదా నేను?

అవుననే అంటానయ్యా. నా సంగతి నాకు తెలుసు.

అలా ఊరుకోకు. తిట్టు. తిట్టవా?

అయితే ఇదీ విను. తిరుగు విమానంలో కిటికీ పక్కన కూర్చున్నాను. మేఘాలు తప్ప ఏమీ కనపడడం లేదు. నువ్వు గుర్తొచ్చావు. ఏమనుకున్నానో తెలుసా? హమ్మయ్య, మొదీరి లేడు, ఇంటికెళ్తే ఎవరూ ఏమీ అడగరు, అనుకున్నాను. నువ్వు పోయినప్పట్నుంచీ నీ కోసం ఏడ్చినదాన్ని, ఆ పూట నువ్వు చచ్చిపోయినందుకు సంతోషించాను.

చెప్పడానికి వచ్చింది ఆ మాటే. పెట్టె సంగతి నీకు ముందే తెలిసుంటుంది.