సామ్రాజ్యం కొన్న కత్తిపీట

సామ్రాజ్యమని ఒకామె ఉండేదంట మా పడమటి వీధిలో. మనిషి మంచిదే. కాకపోతే తన వస్తువు మీద ఇంకోళ్ళ చెయ్యి పడకూడదు, అదీ ఆమె పట్టుదల. వీధి మొత్తానికీ ఆవకాయ కత్తిపీట ఒకటే అనుకోండి. వేసవొస్తే అది ఇల్లిల్లూ తిరిగేది. ఏ పూట ఏ ఇంట్లో ఉంటే ఆ పూట ఆడవాళ్ళంతా ఆ ఇంట్లోనే. ఒకతె కాయ కొట్టేది, ఒకతె జీడి తీసేది, ఒకతె గుడ్డతో తుడిచేది, మిగతావాళ్ళు కబుర్లతో నోరాడించేవాళ్ళు. నవ్వకండి, నోరూ పనే. ఏమైందంటే, ఆ ఏడు సామ్రాజ్యం వంతు ఆఖర్న పడింది. మీ అందరి చేతులూ పడి మొద్దుబారాక నాకా, నా కత్తి నేనే కొనుక్కుంటా అని పట్నం నుంచి కొత్తది తెప్పించుకుందంట. తళతళలాడిపోతోంది.

తెల్లారేసరికి రెండొందల కాయలు దింపించి వాకిట్లో పోయించుకుని కూర్చుంది. ఎవరూ రాలా. కోపమొచ్చి కాదమ్మా! వీధి కత్తిపీట ఆ పూట పక్కింటి పిచ్చమ్మ దగ్గర ఉంది, అలవాటుగా అందరూ అటే పోయారు. ఈమేమో కత్తి కొంటే చేతులు కూడా దాంతోనే వస్తాయనుకుంది! పొద్దెక్కేసరికి కొట్టింది ముప్పై కాయలు. అరచెయ్యి బొబ్బలెక్కిపోయింది. కొట్టిన ముక్కలకి జీడి తీసే దిక్కు లేదు. కాయ ఆ రోజే కొట్టాలి, మెత్తబడితే ఊరగాయ బూజే. ఏడాది పొడుగునా ఇంట్లో ఆరుగురి కంచాల్లో ఏం వేస్తుంది? గోడవతల చూస్తే ఒకటే నవ్వులు.

ఇక ఆగలేక, ఆ కొత్త కత్తిపీట బరువంతా చంకనెత్తుకుని పోయి పిచ్చమ్మ ముందు పెట్టి, అత్తా, ఇది కూడా తిరగనీ అందంట. పిచ్చమ్మ తలెత్తి, "కొత్తది కదే, మా చేతులు పడితే మొద్దుబారదూ?"

"బారనీ అత్తా. నా కాయలు మెత్తబడిపోతన్నాయి."

"ఆ మాట పొద్దున్నే గోడ మీంచి అరవొచ్చుగా! ఇంత బరువు మోసుకు రాకపోతే?" అంటూ పిచ్చమ్మ కొంగు బిగించి లేచిందంట. ఆమె వెనకే సగం వీధి లేచింది. పొద్దు వాలేసరికి రెండిళ్ళ జాడీలూ నిండినయ్యంట.

అప్పట్నించీ మాకు రెండు కత్తిపీటలు. ఇంటికొకటి కొనమంటాడు కొట్టువాడు. వాడికేం, వాడొచ్చి జీడి తీస్తాడా? ఇంతకీ ఆ కొత్తది ఎక్కడుందంటారా? నిరుడు నేను తెచ్చా, ఇంకా ఇవ్వలా. సామ్రాజ్యం మనవరాలు మొన్న అడిగింది. వచ్చి పట్టుకెళ్ళమన్నా. రానీ, ఊరికే పంపుతానా, నా కాయలింకా కొట్టలేదు.