పెద్దమ్మ ఇంటి మంచినీల్లు

తలుపు తియ్యవా? తియ్యకు. నాను మాత్రం ఈ అరుగు మీంచి లేవను. ఎన్నిసార్లు పిలవాలే పెద్దమ్మా, గొంతు పోతన్నాది! ఆ పక్కింటి పోలారావు మావ ఇందాకట్నుంచి పల్లు తోముకుంటా ఇటే సూత్తన్నాడు. యాపపుల్ల అరిగిపోనాది గాని ఆ మావకి మొకం కడుక్కోడం అవనేదు.

ఓలమ్మో, పుట్టి బుద్దెరిగి ఈ ఇంటికాడ నాను తలుపు కొట్టింది నేదు. ఇప్పుడు హెల్మెట్టు ఒల్లో ఎట్టుకుని పరాయిదాన్లాగ కూకోవాల్సొచ్చింది.

లోపలున్నావు. గాజుల సప్పుడు ఇనిపించింది. మాటాడకపోతే మానీ, ఇను.

ఊర్లో ఏటనుకుంటన్నారో తెలుసా? తల్లి పోతే ఎత్తుకొచ్చి పెంచిన గుంట, ఆ మాధవీలత, పట్నపోల్లెదురుగా బుచ్చమ్మ ఇచ్చిన సెంబు తోసీసిందంట అని. సోంపేట దాకా పాకిపోనాది. తోసీసినాను. కాదనను. సూసినోల్లు అంతమందుంటే ఎలగ కాదంటాను?

అసలు ఈ సైకిల్ టూర్లు మొదలెట్టినప్పుడు నువ్వే కదేటి ఇరగబడి నవ్వినావు? "కార్లున్నోలు డబ్బులిచ్చి సైకిలు తొక్కుతారేటే, ఈల్లకి బుర్ర పనిసేత్తన్నాదా" అన్నావు. "మందస రాజధానంట!" అని మూతి తిప్పినావు. మరి రాజధాని కాదేటి? ఒకప్పుడు రాజులున్న ఊరే కదా. ఇప్పుడంటే కోట గోడలూ, వాసుదేవస్వామి గుడీ, బజార్లో పకోడీల కొట్టూ మిగిలినాయి. నాను ముందు సైకిలు మీద, నా ఎనకాల వరసగా ఆల్లు. కోట గేటు కాడ ఆపి, ఇక్కడ ఏనుగుల్ని కట్టీవోరండీ అని సెప్తాను. కట్టీవోరో నేదో నాకేటి తెలుసు! ఆల్లు ఆ రాయికి కూడా ఫొటోలు తీసుకుంటారు.

కానీ పెద్దమ్మా, ఆల్లకి నచ్చేది కోట కాదు. జీడితోటల్లోంచి ఈ ఊరొచ్చి నీ వాకిట్లో దిగినాక కదా ఆల్ల మొకాలు ఎలుగుతాయి! నువ్వు పీట మీద కూకుని, కాల్సిన జీడిపిక్కలు సెక్కసుత్తితో టక్కు టక్కుమని కొడతంటే, పప్పు ఇరిగిపోకుండా బయటికొత్తంటే, నోరెల్లబెట్టి సూత్తారు. గున్నయ్య బొండాలు దింపుతాడు. నువ్వు ఆల్ల లాగూలు సూసి ఏదో తిడతావు. నాను దాన్ని మర్యాదగా మార్చి ఇంగ్లీషులో సెప్తాను. "ఆవిడ మీరు సల్లగా ఉండాలంటంది" అంటాను. ఎల్లేటప్పుడు నీకు దండమెట్టి మరీ ఎల్తారు.

ఆ రోజు గున్నయ్య రానేదు. కంచిలిలో ఆడి మావగారికి బాగోలేదంట. తిత్తిలీ తుపానుకి పడిపోగా మిగిలిన నాలుగు కొబ్బరిసెట్లూ ఎక్కీవోడు ఇంకెవుడూ లేడు. ఎండ సూత్తే మాడిపోతన్నాది. ఆల్ల బాటిల్లు మందస దాటకముందే కాలీ అయిపోనాయి. నువ్వేటి సేత్తావు? నీకు తెలిసిందే సేసినావు. నూతిలో సేద ఏసి, సెంబుతో నీల్లు తెచ్చినావు. ఆ హైదరాబాదు గుంట, సుచిత్ర, రెండు సేతుల్తోటి అందుకుంది. అందుకుని ఎత్తింది.

అప్పుడు నా సెయ్యి ఎల్లిపోనాది.

"డోంట్ డ్రింక్!" అని అరిసినాను. సెంబు దొర్లుకుంటా ఎల్లి కోల్లగూడుకి కొట్టుకుంది. మిగతా అందరూ సేతులు ఎనక్కి తీసీసుకున్నారు. నీకు ఇంగ్లీషు రాదు, నిజమే. ఆ అరుపుకి ఇంగ్లీషెందుకు?

నువ్వు నా కేసి సూడనేదు. నీ సేతుల కేసి సూసుకున్నావు. జీడి సొన కాలి నల్లగైపోన సేతులు. కొంగుకి తుడుసుకున్నావు. మల్లీ తుడుసుకున్నావు. లోపలికెల్లి గెడేసీసినావు. అప్పట్నుంచి ఈ గెడ నాకు తియ్యనేదు.

నాకు తెల్దేటి పెద్దమ్మా, ఈ ఊర్లో నీల్లు ముట్టకపోడం అంటే? గట్టు తగువొచ్చి "నీ ఇంట నీల్లు ముట్టను" అనీసుకున్న అన్నదమ్ములు సావుకి కూడా గుమ్మం తొక్కరు. అన్నం ఒద్దంటే ఆకలి నేదేమో అనుకుంటారు. నీల్లు ఒద్దంటే ఇంక సుట్టరికం తెంపుకున్నట్టే. అందులోనా నీ ఇంట! కరెంటు బిల్లోడొచ్చినా, తగువుకొచ్చినోడైనా, ఎందుకొచ్చావని అడక్కముందే సేతికి సెంబిచ్చీ మనిసివి. అలాటి నీ సెంబుని, నీ సేతుల్లో పెరిగిన నాను, నీ వాకిట్లో...

సేతులు సూసి ఏవగించుకున్నాననుకున్నావు కదూ? సెప్పు. ఆ మాటే అనుకుని కుమిలిపోతన్నావు. ఆ సేతుల్తో కలిపెట్టిన ముద్దలే కదా తిన్నాను! వొంటికి జొరమొత్తే ఆ సేతుల కిందే కదా పడుకున్నాను! దేవుడి మీద ఒట్టు, నీ సేతుల్ని కాదు.

మరెందుకు తోసినావే అంటావు. మా టూర్ల ఓనరు ఉదయశంకర్ గారి రూలని సెప్పినాను అందరికీ. ఆయన పలాసలో కూకుని పెట్టిన రూలు, గెస్టులకి సీలున్న బాటిల్లే ఇవ్వాలి అని. మా ఆయన భానుప్రకాష్ అడిగినా అదే సెప్పినాను. రూలేటి నా మొకం! మందస బజార్లో అదే గుంటకి సెరుకురసం ఐసేయించి మరీ తాగించినాను. అప్పుడు గుర్తు రానేదేటి రూలు?

ఇన్నాల్లూ నోరిప్పనేదు. కడుపు సించుకుంటే కాల్ల మీద పడతాది కదా. మన నీల్ల గురించి బయటోల్లకి మనమే సెప్పుకుంటే, ఇంక ఈ ఊరి గుంటల్ని ఎవులు సేసుకుంటారు, ఈ ఊరు ఎవులొత్తారు?

పెదనాన్న ఎలగ పోనాడో నీకు నాను సెప్పాలా? కిడ్నీలు పోనాయని, పలాస తీసుకెల్లడం, మిషనుకి కట్టడం, తీసుకురావడం. ఆకరికి బస్సెక్కడానికి కూడా కాలు లేవనేదు ఆయనకి. నీల్ల వల్లో, ఎండ వల్లో, మరేటి వల్లో, ఆ పెద్ద పెద్ద డాక్టర్లే ఇంకా తేల్చనేదు. ఊరంతా నీల్లే అంటారు. నువ్వు మాత్రం పెదనాన్న పాడె లేవకముందే సెప్పీసినావు, "మా మావగారు తవ్వించిన నుయ్యి, దాన్నేటీ అనకండి" అని. ఇంటిముందుకి కులాయొచ్చింది. ఆ నీల్లు సప్పగుంటాయని గేదికి పోత్తన్నావు. నూతి నీల్లు నువ్వు తాగుతన్నావు. నాను నోరు మూసుకుని ఊరుకున్నాను. ఎందుకంటే పెల్లయి ఎల్లినాక కూడా నాను వొచ్చినప్పుడల్లా అవే తాగినాను. తియ్యగుంటాయే పెద్దమ్మా. అబద్దం ఆడలేను, ఆ నీల్ల రుసి నాకింకెక్కడా దొరకనేదు.

బడికాడ రక్తం పరీచ్చలు సేసినారు కదా, ఊరంతా ఎల్లినారు, నువ్వెల్లనేదు. నాను ఎల్లినాను. ఊరికే ఎల్లినాను. పొద్దున్నే కాల్లు ఉబ్బుతన్నాయి, బూట్లు పట్టడం నేదు, సైకిలు తొక్కి తొక్కి అనుకున్నాను. రక్తం తీసినారు. తరవాత పలాస రమ్మని మల్లీ తీసినారు. రెండోసారి ఆ డాక్టరమ్మ తన కుర్సీ నా దగ్గరికి జరుపుకుంది. ఇంక ఆవిడ నోరు ఇప్పక్కర్లేకపోనాది.

అవును. నాక్కూడా.

ఎవులికీ సెప్పనేదు. భానుప్రకాష్‌కి సెప్పనేదు. నీకే ముందు సెప్తన్నాను, అదీ తలుపుకి. ఇంకా మొదట్లోనే ఉందంట, మందులతో లాగొచ్చంట. ఎండలో తిరక్కు అంది. ఎండలో తిరక్కుండా సైకిల్ టూరు ఎలగ సేత్తారో ఆవిడే సెప్పాల!

ఆ గుంట సెంబు ఎత్తినప్పుడు నాకు నీ సేతులు కనపడనేదు. నువ్వూ కనపడనేదు. మిషను కాడ పడుకున్న పెదనాన్న కాల్లు కనపడినాయి, బయమేసింది, సెయ్యి ఎల్లిపోనాది. అంతే. పరాయి గుంటని ఆపినాను. నిన్ను ఆపలేకపోనాను. నన్ను నాను అసలే ఆపుకోలేకపోనాను.

ఇంకో మాట ఉంది. ఇది సెప్పీసి ఎల్లిపోతాను, కోట కాడ బ్యాచ్ దిగీసుంటారు. డాక్టరమ్మ అడిగింది, సిన్నప్పట్నుంచి ఎక్కడి నీల్లు తాగి పెరిగినావమ్మా అని. పెన్ను పట్టుకుని కూకుంది. ఏటి సెప్పమంటావు? మా పెద్దమ్మ సేత్తో ఇచ్చిన నీల్లండి అని సెప్పమంటావా? నోరు రానేదే. మందసలో కులాయి నీల్లండి అని సెప్పీసినాను. ఆవిడ రాసీసుకుంది.

పెద్దమ్మా? గెడ సప్పుడైంది.

ఒద్దు, ఇప్పుడు తియ్యకు. ఏడిత్తే ఏడు, నాలుగు రోజులు తిట్టు, కానీ ఇప్పుడు తియ్యకు. నీ సంగతి నాకు తెల్దేటి? ఎండలో కూకుని ఇంత సేపు వాగినానని సెంబు పట్టుకునే వొత్తావు. నువ్విత్తే నాను తాగీత్తాను.