రెండంగుళాలు

(మూతపడ్డ మిల్లు వెనక, కార్మికుల ఎర్ర ఇటుక ఇళ్ళ వరస. ఒక గుమ్మం ముందు ఆ ఇంటావిడ, పాత కట్టడాలు కాపాడే ఆఫీసు నుంచి వచ్చిన ఉద్యోగి.)

“ఇంకోసారి కొలవండి బాబూ.”

“మూడుసార్లు కొలిచానమ్మా. గుమ్మం ఇరవై మూడంగుళాలు. చక్రాల కుర్చీ ఇరవై ఐదు.”

“ఆ రెండంగుళాలేగా నేనడిగేది. ఇటుపక్క ఇటుకలు కాస్త తీసేస్తే చాలు.”

“తీయకూడదమ్మా. నూరేళ్ళ నాటి ఇళ్ళివి. ఒక్క ఇటుక కదిలినా నన్నే అడుగుతారు.”

“చక్రాల కుర్చీ కొని నాలుగు నెలలైంది. లోపలికి పట్టక బయటే పడుంది. పక్షవాతం వచ్చిన మా ఆయన్ని మంచం మీద పెట్టుకుని, ఆ కుర్చీ మీద బట్టలారేసుకుంటున్నాను.”

“ఎవరైనా ఎత్తుకొచ్చి కూర్చోబెడితే?”

“ఎవరున్నారు? వరస వరసంతా ఖాళీ. మా ఇల్లూ, ఆ చివర ముసలామె ఇల్లూ మిగిలాయి. ఆస్పత్రికేమో రోజూ తీసుకురమ్మన్నారు. ఇప్పుడు కసరత్తు చేయిస్తేనే మాటా, కుడిచెయ్యీ వస్తాయట. ఆలస్యమైతే ఇక రావట.”

“నాకు మాత్రం బాధగా లేదా అమ్మా? రూలు అలా ఉంది.”

“ఒకటి చెప్తాను, కోప్పడరు కదా?”

“చెప్పండి.”

“ఈ గుమ్మం అంత పాతది కాదు.”

“అదేంటి?”

“ముందు వెడల్పుగానే ఉండేది. మా పాప చంటిదిగా ఉన్నప్పుడు చలిగాలి కొడుతోందని నేనే పోరుపెట్టి సన్నం చేయించాను. ఎందుకు పోరానా అని ఇప్పుడు ఏడుస్తున్నాను.”

“మరి ఈ ఇటుకల మీద మిల్లు ముద్ర ఉందే?”

“పాత పొగగొట్టం కూలినప్పటివి. ఏరి తెచ్చి కట్టారు.”

“అతుకు కనపడాలిగా. నాకేం కనపడట్లేదు.”

“అదీ పనితనం. ఎవరైనా కనిపెడితే మీసం తీయించుకుంటానన్నారు.”

“ఎవరు?”

“మిల్లులో తాపీమేస్త్రీ ఒకాయన.”

“పేరు?”

“పేరెందుకు బాబూ? అడక్కుండా ఇటుకలు తెచ్చారని ఇప్పుడు కేసు పెడతారా?”

“కేసూ లేదు, గీసూ లేదు. తర్వాత కట్టిందే అయితే మీ పని జరిగినట్టే. తీసేయొచ్చు. నేనే రాసిస్తాను.”

“నిజంగానా?”

“నిజంగా. కాకపోతే కట్టిన మనిషే చెప్పాలి. ఎప్పుడు కట్టారో, ఎక్కడిదాకా కట్టారో, తన నోటితో చెప్పి సంతకం పెట్టాలి.”

“నేను చెప్తే?”

“మీరు కట్టలేదు కదమ్మా.”

“పోనీ, వేలిముద్ర వేస్తే?”

“వేలిముద్రైనా సరే. కానీ నోటితో చెప్పాల్సిందే. ఇంతకీ ఆ మేస్త్రీ ఉన్నారా?”

“ఉన్నారు.”

“హమ్మయ్య. ఇంకేం, పిలిపించండి. ఎంత దూరం నుంచి రావాలన్నా కూర్చుంటాను.”

“దూరమేం కాదు బాబూ.”

“ఏమ్మా, రారంటారా?”

“లోపలే ఉన్నారు బాబూ. ఇందాకట్నుంచీ మన మాటలన్నీ మంచం మీద నుంచి వింటూనే ఉన్నారు.”