ఆయన అడిగిన ఖాళీ

గుమ్మం దగ్గర నిలబడ్డవాళ్ళు కాస్త లోపలికి రండి. వెనక వరస వాళ్ళకి నా మాట వినిపిస్తోందా? వినిపించకపోతే చెయ్యెత్తండి.

వదినగారూ, అమ్మాయీ, మన బజారు దుకాణదారులూ, ఆయన చేతి మందు ఒక్కసారైనా వేసుకున్న అక్కచెల్లెళ్ళూ, అన్నదమ్ములూ! ఒంట్లో నలతగా ఉంటే మనందరికీ ముందు గుర్తొచ్చే మనిషి పోయిన మంగళవారం మనల్ని వదిలేసి వెళ్ళిపోయారు. ఆయన పోయారన్న మాట నోటితో అనడం నాకిదే మొదలు.

నేనెవరో తెలియనివాళ్ళకి చెబుతాను. మన వారపత్రికలో ప్రకటనల పేజీ కూర్చేవాణ్ణి. పద్నాలుగేళ్ళుగా ఆయన మందుల షాపు ప్రకటన నా చేతుల మీదుగానే అచ్చయింది.

మొదటిసారి మా ఆఫీసు మెట్లెక్కి వచ్చినప్పుడు ఆయన జేబులోంచి ఒక చీటీ తీశారు. దాని మీద రెండే వాక్యాలు. ‘జ్వరం మూడు రోజులు దాటిందా? నా దగ్గరికి రావద్దు, డాక్టరు దగ్గరికి వెళ్ళండి.’ కింద షాపు పేరు. అంతే! నేను పడీ పడీ నవ్వాను. షాపు పెట్టింది అమ్ముకోవడానికా, జనాన్ని తరిమెయ్యడానికా అని అడిగాను. పైగా తీసుకున్న చోటులో సగం ఖాళీగా వదలమన్నారు. వేలెడు చోటు కోసం మా దగ్గర జనం కొట్టుకు చస్తుంటే ఈయనకిదేం పిచ్చి అనుకున్నాను. ‘చుట్టుపక్కల ప్రకటనలన్నీ ఒక్కసారే అరుస్తున్నాయి తమ్ముడూ. నా మాట వినపడాలంటే పక్కన కాస్త నిశ్శబ్దం ఉండాలి’ అన్నారు.

నేను వింటానా? చాటుగా ఆ ఖాళీ చుట్టూ ఒక పూలతీగ అంచు పెట్టేశాను. పేపరు బయటికొచ్చిన గంటలో ఆయన నా బల్ల ముందున్నారు. కోప్పడలేదు. ఆ తీగ మీద వేలు పెట్టి, ‘ఇది ఏ జబ్బుకి?’ అని అడిగారు. ఇప్పటికీ తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆ తరవాత ప్రతివారం ఒక ‘వద్దు’. మందు సగంలో మానెయ్యొద్దు. పక్కింటివాళ్ళ చీటీతో మందు కొనొద్దు. పిల్లలకి పెద్దల మాత్ర విరిచి వెయ్యొద్దు. అందుకే కదా మీరంతా ఆయనకి వద్దుగారు అని పేరు పెట్టారు! ఆయనకి తెలియదనుకున్నారా? తెలుసు. మురిసిపోయేవారు.

నేను మాత్రం ఆయనతో పోట్లాడుతూనే ఉండేవాణ్ణి. ప్రకటన అంటేనే అమ్మకం, దాంతో జనానికి ఆరోగ్యం గురించి చెబుతాననడం నాటకం, మంచిమాట కింద మీ షాపు పేరెందుకు అని నిలదీశాను. వేరేవాళ్ళయితే నొచ్చుకునేవారు. ఆయన మాత్రం ఒప్పుకున్నారు. ‘నా స్వార్థం ఉంది తమ్ముడూ, లేదనను. కానీ కింద నా పేరుంది కాబట్టే పైన అబద్ధం రాయలేను. రేపు పొద్దున్న షాపు తియ్యాలి, వాళ్ళ మొహం చూడాలి’ అన్నారు.

ఒకసారి పిల్లల తెలివి పెంచే టానిక్ అంటూ ఒక కంపెనీ మనిషి ఆయన షాపుకి వచ్చాడు. షాపు పేరుతో పేజీ నిండా రంగుల్లో ప్రకటన తామే వేయిస్తామన్నాడు. ఈయన సీసా తిప్పి, అడుగున చీమతలంత అక్షరాల్లో ఉన్న ముక్క చదివారు. దీని వల్ల తెలివి పెరుగుతుందని రుజువు లేదని ఉంది. ‘ఈ ముక్క కూడా అంతే పెద్ద అక్షరాల్లో వేయించండి, నాకు అభ్యంతరం లేదు’ అన్నారు. ఆ మనిషి మళ్ళీ మన బజారు మొహం చూడలేదు.

ఇక ఆ ఛాతీ ప్రకటన. ‘గుండెల్లో బరువు, చెమట, దవడకో చేతికో పాకే నొప్పి. గ్యాస్ అనుకుని నా దగ్గరికి రావద్దు. వెంటనే ఆసుపత్రికి వెళ్ళండి.’ ఏడాదికి రెండుసార్లు తప్పకుండా వేయించేవారు. మూడో వరసలో కూర్చున్న మన టైలరమ్మ ఆ కాగితం కత్తిరించి మిషను పక్కన గోడకి అంటించుకుంది. నిరుడు జాకెట్టు కుడుతూ కుడుతూ దవడ లాగితే, తలెత్తి గోడ వైపు చూసింది. ఆటో ఎక్కి ఆసుపత్రికి పోయింది. అమ్మా, ఏడవకు. నువ్వలా మా ఎదురుగా కూర్చోవడమే ఆయన సంపాదన.

ఇప్పుడు చెప్పాల్సింది చెప్పాలి. వదినగారూ, నన్ను క్షమించండి.

మంగళవారం పొద్దున్న పదిన్నరకి ఆయన నా దగ్గరికి వచ్చారు. కళ్ళలో వేసుకునే చుక్కలమందు సీసా మూత తీసిన నెలకి పారెయ్యమని, ఈ వారం ప్రకటన. మెట్లెక్కి వచ్చి కుర్చీలో కూలబడ్డారు. చొక్కా తడిసిపోయింది. దవడ రుద్దుకుంటూ పన్ను సలుపుతోందన్నారు. నేనేం చేశానో తెలుసా? మందుల షాపు పెట్టుకుని పన్నునొప్పా అని ఎగతాళి చేశాను. మంచినీళ్ళిచ్చాను. అక్షరాల సైజు ఎంత పెట్టాలని అడిగాను!

చెమట. దవడ. ఇరవై ఏడుసార్లు ఆ మాటలు నా చేత్తో కూర్చాను. అచ్చుతప్పుల కోసం ఒక్కో అక్షరం చూశాను. ఎదురుగా మనిషి కూర్చుంటే గుర్తుపట్టలేకపోయాను. ఆయనకైనా తెలియలేదా? షాపుకి వెళ్ళి గ్యాస్ మాత్ర ఒకటి వేసుకుని, కౌంటరు దగ్గరున్న నలుగురినీ పంపేసి ఆసుపత్రికి వెళ్దామన్నారట. ఆ నలుగురి ఎదురుగానే కుప్పకూలి పోయారు. ఊరందరికీ వద్దని చెప్పిన మనిషి తనకి తాను చెప్పుకోలేకపోయారు.

ప్రకటన వల్ల జనానికి తెలుస్తుందా అని పద్నాలుగేళ్ళు వాదించాను. ఇప్పుడెవరైనా అడిగితే ఏం చెప్పను? టైలరమ్మకి తెలిసింది. నాకు తెలియలేదు. ఓడిపోయిందెవరో మీరే చెప్పండి. అన్నయ్యా, నేను ఒప్పుకుంటున్నాను, వినడానికి మీరు లేరు.

ఎల్లుండి సంచికలో ఆ ఛాతీ ప్రకటన మళ్ళీ వేస్తున్నాను. వదినగారు సరేనన్నారు. కింద షాపు పేరు ఉంటుంది, ఎందుకంటే సోమవారం నుంచి ఆ కౌంటరు వెనక ఆయన కూతురు, మన అమ్మాయి, నిలబడుతుంది. దాని కింద, మొదటిసారి, నా పేరు పెట్టి రెండు ముక్కలు రాశాను. ‘ఇది రాసినాయన పాటించలేదు. అచ్చువేసిన నేను గుర్తుపట్టలేదు. మీరు చదవండి.’ ఆ కింద సగం ఖాళీ. ఈసారి పూలతీగ లేదు.

అందరూ దయచేసి లేవండి. టైలరమ్మా, నువ్వు కూర్చునే ఉండు, పరవాలేదు. ఆయన తన మాట పక్కన కాస్త నిశ్శబ్దం అడిగారు. రెండు నిమిషాలు అది ఇద్దాం. ఇక నేను మాట్లాడను. మీరూ మాట్లాడొద్దు.