ఊరి పేరున్న మనిషి

ఇంగ్లండులో యార్క్‌షైర్ ప్రాంతపు గార్త్‌బీ పల్లె. చర్చి వెనక సమాధుల తోటలో ఎనిడ్ టోల్సన్ ముసలమ్మ, చర్చి పెద్ద అయిన ఆమె మేనల్లుడు క్లైవ్.

“...బెరిల్ చెప్పింది. రొట్టెల కొట్లో అనుకుంటుంటే విన్నదిట. ‘ఎనిడ్ సమాధి చోటు పోయిందిగా, సొంత మేనల్లుడే సంతకం పెట్టేశాడుగా’ అని. ఊరందరికీ తెలుసు, నాకు తప్ప.”

“బెరిల్‌కేం అత్తా, దాని నోటికి మూతుందా?”

“పెట్టావా, లేదా?”

“పెట్టానని కాదు... కమిటీ అంతా కలిసి...”

“పెట్టావా, లేదా, క్లైవ్?”

“పెట్టాను.”

“ఛీ!”

“అరవకు. గార్త్‌బీ ఇంటిపేరున్నవాళ్ళంతా దేశదేశాల్నుంచి వస్తున్నారు. కెనడా, ఆస్ట్రేలియా... రెండు బస్సుల జనం. వాళ్ళ వంశం పేరున పెద్ద రాయి నిలబెడతారట. అంత రాయి పట్టే చోటు ఇంకెక్కడుంది చెప్పు?”

“విల్ఫ్ పక్కన నా చోటే దొరికిందా? మీ మామయ్య పోయి పదకొండేళ్ళు. ఆయన పేరు కింద రాయి సగం ఖాళీగా వదిలించాను, చూడు. ఎందుకనుకున్నావ్, పిట్టలు రెట్టలేసుకోడానికా?”

“గోడవతల కొత్త స్థలం తీసుకున్నారుగా. అక్కడ నీకు మంచి...”

“మంచి బురద. వానొస్తే శవపెట్టె తేలుతుంది. నలభై ఆరేళ్ళు ఒక్క మంచం మీద పడుకున్నాం రా. ఇప్పుడాయన ఇక్కడ, నేను గోడవతల నీళ్ళల్లోనా?”

“నెమ్మది, నెమ్మది. అదిగో, ఆ రాయి పెట్టించే డెన్‌జిల్ గార్త్‌బీయే వస్తున్నాడు. కాస్త మర్యాదగా...”

“వాడికా? మొన్న తలుపు కొట్టి కప్పొకటి చేతిలో పెట్టాడు. మీద వాళ్ళ వంశం గుర్తని సింహం బొమ్మ, కింద వాడి ఇంటిపేరు. నత్తల మందు పోసుకున్నాను దాంట్లో.”

“మిసెస్ టోల్సన్! ఎంత చక్కటి ఎండ! మన గార్త్‌బీలో ఇలాంటి ఎండ...”

“గాబీ.”

“ఏమన్నారు?”

“మా ఊరిని మేం గాబీ అంటాం. మధ్యలో అక్షరాలు రాసుకోడానికే.”

“లేదండీ, గార్త్‌బీ అనే అనాలి. మా ఇంట్లో తాతల కాలం నుంచీ అలాగే అంటున్నాం. నా పేరు నాకు తెలీదా?”

“విన్నావా క్లైవ్? మన ఊరి పేరు మనకి నేర్పుతున్నాడు.”

“అత్తా, పోనీలే. మిస్టర్ గార్త్‌బీ, ఈవిడ భర్త ఇక్కడే... అదే, ఈ పక్క చోటు ఈవిడ తనకని...”

“అయ్యో, తెలుసండీ. నాకూ బాధగానే ఉంది. కానీ ఆలోచించండమ్మా, ఇది మా ఊరు. నా పేరే చెబుతోంది కదా. బస్సు దిగి ఊరి బోర్డు చూడగానే నాకు కళ్ళంట నీళ్ళొచ్చాయి.”

“విల్ఫ్ రాయి మీద ఆ గీతలు మీవేనా?”

“ఆ... ఇనప బ్రష్షుతో కొంచెం నాచు తీశాను. ఒక్క ఈ రాయే కాదు, అన్నీ. మూడ్రోజులు కూర్చుని అన్నీ చదివాను.”

“మా ఆయన్ని గీకావు.”

“మావాళ్ళ కోసం వెతికానండీ!”

“దొరికారా?”

“అదే వింత. ఒక్క గార్త్‌బీ కూడా లేడు. చర్చి పుస్తకాలు కూడా తిరగేశాను. రాళ్ళ మీద పేర్లు చెరిగిపోయుంటాయి.”

“టోల్సన్‌లు చెరగలేదే? పంతొమ్మిదిమందీ ఉన్నారు.”

“అందుకేగా ఇప్పుడు పెద్ద రాయి పెట్టడం!”

“ఒక్క మాట అడుగుతాను. వీణ్ణి, ఈ క్లైవ్‌ని, మా ఊళ్ళో ఎవరైనా గాబీ క్లైవ్ అంటారా?”

“ఎందుకంటారు? ఇక్కడ అందరూ గార్త్‌బీవాళ్ళేగా.”

“మరి వీడు వేరే ఊరెళ్ళి కాపురం పెడితే?”

“అక్కడ... అక్కడ అంటారేమో. ఫలానా ఊర్నించి వచ్చాడని గుర్తుకి.”

“అత్తా, ఇంక చాలు...”

“నువ్వు నోర్ముయ్, సంతకాల పెద్దమనిషీ. అయ్యా, ఊళ్ళో ఉన్నవాళ్ళకి ఊరి పేరెవడు పెడతాడు? వెళ్ళిపోయినవాడికే పెడతారు. మీ ముత్తాతల్లో ఎవడో ఊరొదిలి పోయాడు. ఏం చేసి పోయాడో నాకనవసరం, చావడానిక్కూడా తిరిగి రాలేదు. మీరు ఈ ఊరివాళ్ళు కాదని మీ పేరే చెబుతోంది.”