నల్లబండ మొనకు వచ్చిన పెగడపల్లి ఆడపడుచు

1989 జూన్ 12వ తేదీ, సోమవారం. తొలకరి మేఘాలు సముద్రం మీద తారాడుతున్న ఆ ఉదయాన, అంతవరకు సముద్రాన్నే చూసి ఎరుగని ఒక యువతి నల్లబండ మొన దీపస్తంభంలో సహాయ దీపరక్షకురాలిగా విధుల్లో చేరారు. వారే నేడు పదవీ విరమణ చేస్తున్న మన గౌరవనీయ సహోద్యోగిని శ్రీమతి ప్రేమలత గారు.

జగిత్యాల జిల్లా పెగడపల్లిలో తాళ్లెక్కి కల్లు గీసే ఓదెలు గారికి, లక్ష్మవ్వ గారికి జన్మించిన వీరు, కోరుట్లలో ఇంటర్మీడియట్, ఆపై ఎలక్ట్రికల్ డిప్లొమా పూర్తిచేసి, పోటీ పరీక్షలో నెగ్గి ఇంత దూరం వచ్చారు. బ్రిటిషు వారి కాలంనాటి ఆ రాతి బురుజు మీద, మనిషి ఎత్తును మించిన గాజు కటకానికి కప్పిన తెరను తొలి సాయంత్రం తొలగించి దీపం వెలిగించినప్పుడు, వెలుగు నీళ్ల మీద నడిచిపోయి, తిరిగి వచ్చినట్లనిపించిందట. తాను మేలుకొని ఉన్నానో, కలగంటున్నానో చాలాసేపు తెలియలేదని వారు నేటికీ అంటారు.

మరుసటి ఏడు తుపాను రోజుల్లో ఓదెలు గారు కూతురిని వెంట తీసుకుపోవడానికే వచ్చారు.

“మూట గట్టు బిడ్డా, పోదాం. గీ బండల నడుమ ఒక్కదానివి ఎట్లుంటవే? మీ అవ్వ అన్నం తింటలేదు. ఊళ్లె అంగన్‌వాడీల నౌకరి మాట్లాడచ్చిన.”

“రేపు మాట్లాడుకుందాం బాపూ. ఇయ్యాల గాలి మంచిగ లేదు, పడవలు ఇంక ఒడ్డుకు రాలే.”

పొద్దుగూకే వేళకు కటకాన్ని తిప్పే మోటారు ఆగిపోయింది. దీపం వెలుగుతున్నది గాని తిరగడం లేదు. ఒక్కో దీపస్తంభం మెరుపుకు ఒక్కో లయ. ఆ లయను బట్టే కడలి మీదివారు తామెక్కడున్నదీ గ్రహిస్తారు. అది తప్పితే పడవ బండల పాలే. పెద్ద రక్షకులు సెలవులో ఉన్నారు. ప్రేమలత గారు కటకాన్ని చేతులతో తిప్పసాగారు గాని, తిప్పుతూ గడియారం చూడటం ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఇంతలో ఓదెలు గారు మెట్లెక్కి వచ్చారు.

“నువ్వు గడియారం సూడు. నేను తిప్పుత.”

ఆమె “ఊఁ” అన్నప్పుడల్లా ఆయన అడుగు పడింది. ఒక్కొక్క పడవే చీకట్లోంచి తేలివచ్చింది. కింద తీరాన ఆడవాళ్ల కేకలు వినబడ్డాయి.

“గా తల్లులు ఎవలను పిలుస్తున్నరే?”

“పెనిమిట్లను, కొడుకులను బాపూ.”

చివరి పడవ చేరేవరకు ఆయన కటకం మీది చేతులు తీయలేదు. తెల్లవారి తన సంచి ఒక్కటే భుజాన వేసుకున్నారు.

“అవ్వకు ఏం జెప్తవు?”

“బిడ్డ మంచిగున్నదని జెప్త. నువ్వస్తే గాళ్లు ఒడ్డుకు ఎట్లస్తరే?”

తండ్రి మరొక్క మాట గట్టిగా అని ఉంటే ఆనాడే ఉద్యోగం వదిలి వెళ్లిపోయేదాన్నని, బస్సు కనుమరుగయ్యేదాకా ఏడ్చానని వారే మాతో అన్నారు.

అనంతరం సిరిసిల్లలో ఉపాధ్యాయులైన శ్రీ నరేశ్ గారితో వివాహమైంది. కుమార్తె కల్పన తండ్రి వద్ద పెరిగింది. వేసవి సెలవులు మాత్రం తల్లి వద్ద, అలల చప్పుడులో గడిచేవి. ఆ ఎడబాటును దంపతులిద్దరూ పంచుకొని మోశారు. మరి రెండు తీరాలలో పనిచేసి, ప్రధాన దీపరక్షకురాలిగా ప్రేమలత గారు తిరిగి నల్లబండకే వచ్చారు. కొత్త ఎల్‌ఈడీ దీపం అమర్చినప్పుడు పాత కటకాన్ని విప్పి గోదాముకు పంపాలన్న ప్రతిపాదన రాగా, పై అధికారులను పదే పదే కలిసి, ఒప్పించి, దానిని బురుజులోనే నిలిపిన ఘనత వారిదే. నేడు బడిపిల్లలు దాని ముందు నిలబడి, గాజులో తలకిందులైన సముద్రాన్ని చూసి నవ్వుకుంటున్నారు.

విశ్రాంత జీవితంలో ఏం చేస్తారని మొన్న అడిగాను.

“ఏం జేస్త సార్? పొద్దూకంగ వాకిట్ల కుర్చేసుకొని, మా సారు పక్కన ఊకె కూసుంట. గా యాళకు గట్ల కూసున్నది నాకు యాదికే లేదు.”

సిరిసిల్లలోని ఆ వాకిట శ్రీమతి ప్రేమలత గారు, శ్రీ నరేశ్ గారు సంపూర్ణ ఆయురారోగ్యాలతో చిరకాలం వర్ధిల్లాలని, వారికి ప్రతి సాయంత్రమూ ఏ తొందరా లేకుండా మెల్లగా చీకటి పడాలని మనసారా కోరుకుంటున్నాము.